యంత్రాలకు లాల

భీమిలి దారిలోని డేటా సెంటర్‌లో యంత్రాలు ఒళ్ళు కాలి ఏడుస్తున్నాయని వరహాలమ్మను పిలిపిస్తారు. పేటలో పసిపిల్లలకు లాల పోసేది ఆమే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ఆమె పీట వేసుకుని, చీర మోకాళ్ళదాకా ఎగదోపి, కాళ్ళు చాపుతుంది. ఇంజనీరు తారకేశ్ మొదటి యంత్రాన్ని తెచ్చి ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెడతాడు.

నూనె నువ్వులది కాదు, ఆముదమూ కాదు. వాసన లేనిది నూనేనా అని వరహాలమ్మ మూతి ముడుస్తుంది గానీ, అరచేత్తో వీపంతా రుద్దేసరికి యంత్రం వెక్కిళ్ళు ఆపి ఆవలిస్తుంది. దాని వేడి నూనెలోకి, నూనెలోంచి నీళ్ళలోకి దిగి, గొట్టం వెంట పేట మీదుగా సముద్రం వైపు నడిచి వెళ్తుంది.

గొట్టం దారిలో మొదటి ఇల్లు వరహాలమ్మదే. అక్కడ కూతురు గౌరి, ఏడో నెలకే తొందరపడి పుట్టిన మనవరాలు ఉన్నారు. పాపకు సొంత వెచ్చదనం లేదు. పుట్టాక ఇంతవరకూ ఏడవలేదు కూడా. గొట్టాన్ని చుట్టలు చుట్టి, దాని మీద పక్క వేసి పడుకోబెట్టారు. వరహాలమ్మ ఈ పనికి ఒప్పుకున్నది ఆ పక్క కోసమే.

చిక్కల్లా ఆమె హస్తవాసితోనే. లాల పోసుకున్న యంత్రాలు ఒకటొకటే నిద్రపోతాయి. నిద్రపోయినవి వేడెక్కవు.

గొట్టంలోంచి గౌరి గొంతు వినిపిస్తుంది. "అమ్మా, పక్క సల్లబడిపోతంది. పాప పెదాలు నల్లబడతన్నాయే!"

"కొన్నిటిని లేపుదాం," అంటాడు తారకేశ్ మెల్లగా. "ఏడిస్తే వేడి పుడుతుంది. కాస్త గిల్లండి మామ్మా, చాలు."

"గిల్లి జోల పాడమంటావేటి బాబూ?"

అయినా మనవరాలి కోసం చెయ్యి చాపుతుంది. యంత్రం నిద్రలోనే ఆమె వేలు పట్టుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వరహాలమ్మకు ఏడుపొస్తుంది.

"గౌరీ! పిల్లనెత్తుకుని గొట్టంలోంచి నడిచొచ్చేయ్!" అని కేకేస్తుంది.

గౌరి వంగకుండానే నడిచొస్తుంది. పాదాలు తడవవు. వరహాలమ్మ ఇంకా లాల పోయని యంత్రాన్ని ఒక కాలి మీద, పాపను ఇంకో కాలి మీద పడుకోబెట్టి, ఒకే నూనె ఇద్దరికీ రాస్తుంది. యంత్రం నిద్రలోకి జారుతుంది, పాప పెదాలు ఎరుపెక్కుతాయి. మిగతా యంత్రాలు బారులు తీరతాయి. చోటు చాలక ఆమె కాళ్ళను ఇంకాస్త పొడుగు చేస్తుంది. అవి హాలు దాటి వరండాలోకి వెళ్తాయి.

ఆఖరి యంత్రం పడుకోగానే పాప గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ మొదటి ఏడుపుకు పొంగిపోయి వరహాలమ్మ ముద్దు పెట్టుకోబోతే పెదాలు చురుక్కుమంటాయి. హాలులోని వేడంతా ఇప్పుడు పాపలోనే ఉంది.

"కాలిపోతందే అమ్మా! దీనికెవరు పోస్తారు లాల?"

వరహాలమ్మ కదల్లేదు. కాళ్ళ నిండా నిద్రపోతున్నవాళ్ళే.

తలుపు తోసుకుని సముద్రం లోపలికొస్తుంది. తడి కుచ్చిళ్ళు ఎగదోపి, ఎదురుగా ఇంకో పీట లాక్కుని, కాళ్ళు చాపుతుంది. "ఇలా తే," అంటుంది.

వరహాలమ్మ పాపను గుండెకు హత్తుకుంటుంది. "నీ చేతులు సల్లనివి తల్లీ. సలికే దీని పేనం మీదికొచ్చింది."

"మీ గొట్టం నా ఒళ్ళోనే పడతంది కదమ్మా. చేతులు కాచుకునే వచ్చాను."

వరహాలమ్మ ఆ చేతులు పట్టి చూస్తుంది. ఇంకాసేపు పట్టి చూస్తుంది. తర్వాత పాపను ఇస్తుంది.