సాల్మన్‌రాజు మాస్టారి గొంతు

మా ఆయన గొంతు ఇప్పుడు లాప్‌టాప్‌లో ఉంది. మెడలో లేదు. మెడలో పావలా కాసంత రంధ్రం ఉంది, దాని మీద నేను కుట్టిచ్చిన తెల్ల గుడ్డ ఉంటుంది. క్యాన్సరని చెప్పి విశాఖపట్నంలో స్వరపేటిక మొత్తం తీసేశారు. మనిషి బాగానే ఉన్నారు. తింటారు, నడుస్తారు, ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని అందరితోపాటు నిలబడతారు. పాడరు, అంతే.

గొంతుకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. ఒక్కరోజు వాడి బీరువాలో పడేశారు. ఎందుకండీ అంటే పలక మీద రాశారు: "అది రేడియో మాట్లాడినట్టుంది. నేను కాదు." ఏం చెప్పినా పలక మీదే. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఒకటో తరగతి కుర్రాడిలా పలకా బలపం పట్టుకుని కూర్చుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు.

ఆయన పనిచేసేది నాతవరం వైపు ఒక హైస్కూల్లో. రోజూ నర్సీపట్నం నుంచి షేర్ ఆటోలో వెళ్ళొస్తారు. సెలవు అయిపోయి మళ్ళీ చేరిన రోజు హెడ్‌మిస్ట్రెస్ అలివేలుమంగగారు నన్ను కూడా రమ్మన్నారు. ఆవిడ మంచి మనిషే. మంచిగానే చెప్పారు. పై ఆఫీసుకు ఆవిడ ఒక ఉత్తరం రాయాలట. మాస్టారు క్లాసు చెప్పగలరా, లేదా? లేదని రాస్తే ఆఫీసు గదిలో కూర్చోబెట్టి రిజిస్టర్లు రాయిస్తారు. రిటైరయ్యేదాకా అదే పని. ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది.

"క్రిస్మస్ సెలవులకు ముందు ఒక పీరియడ్ చెప్పి చూపించండి మాస్టారూ. పిల్లలకు పాఠం అందితే అందిందని రాస్తాను. అందకపోతే అబద్ధం రాయలేను," అన్నారు.

ఈయన పలక మీద "సరే" అని రాశారు. ఎలా సరే? గొంతు లేని మాస్టారు నలభైమందికి లెక్కలెలా చెబుతారు? ఆటోలో దారంతా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంటికొచ్చాక పాత ఫోను తీసి నా చేతిలో పెట్టారు. కరోనా రోజుల్లో పిల్లలకు పంపడానికి మా ముందుగదిలో ఈ ఫోను నిలబెట్టి పాఠాలు చెప్పేవారు. బళ్ళు తెరిచాక కూడా ఆ అలవాటు మానలేదు. రెండొందల పైచిలుకు వీడియోలున్నాయి అందులో. ఆయన ఆలోచన ఇది. ఇప్పుడు ప్రతి క్లాసులో గోడకు పెద్ద టచ్ స్క్రీన్ ఉంది కదా. పాఠాన్ని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకు ఒక్కో బటన్ పెడితే, ఆయన పిల్లల ముందు నిలబడి ఏది కావాలంటే అది నొక్కుతారు. గొంతు స్క్రీన్‌లోంచి వస్తుంది. మిగతాది ఆయన చూసుకుంటారు.

ఆ పని తానే చేద్దామని మొదటిరోజు లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. "పిల్లలూ, పుస్తకాలు తియ్యండి" అని తన గొంతు వినపడగానే లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. చాలాసేపు రాలేదు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

నేను ఇరవయ్యారేళ్ళుగా జాకెట్లు కుడుతున్నదాన్ని. మౌసు పట్టుకోవడం కూడా రాదు. బస్టాండు దగ్గర దత్తు అని, పెళ్ళి వీడియోలు చేస్తాడు, ఎడిటింగ్ కూడా నేర్పుతాడు. ఈయన దగ్గర చదువుకున్నవాడే. అక్కడికి మధ్యాహ్నాలు వెళ్ళాను. పాతికేళ్ళ పిల్లల మధ్య ఈ యాభై దాటిన మనిషి. మొదటి వారం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టే ఉంది. కింద పొడుగ్గా ఒక పట్టీ ఉంటుంది, దాన్ని టైమ్‌లైన్ అంటారు. వీడియో దాని మీద గుడ్డలా పరుచుకుంటుంది. గీత పెట్టి నొక్కితే రెండు ముక్కలవుతుంది. ఆ సంగతి అర్థమయ్యాక భయం పోయింది. కోయడం నాకు కొత్తేమీ కాదు కదా.

దత్తు ఒకే సూత్రం చెప్పాడు. "గ్యాప్ కనపడితే కోసెయ్యాలండి మేడమ్‌గారూ. దగ్గులు, ఆగడాలు, ఏటీ ఉంచకూడదు. సూసేవోడు ఒక్క సెకను ఖాళీ దొరికితే ఎలిపోతాడు."

అలాగే కోశాను. ఆటో హారన్లు కోశాను, కుక్క అరుపులు కోశాను, చెమట తుడుచుకోవడం కోశాను. మిషను మీద పని పొద్దుటికి తోసేసి మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా ఇదే. చెవుల్లో ఆయన గొంతు, పక్కన మంచం మీద మాటా పలుకూ లేకుండా ఆయన. ఒక్కోసారి చెవుల్లోవి తీసేసి "ఏటన్నారు?" అని అటు తిరిగేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపేవారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వీడియోలన్నీ తారీఖుల వరసలో పెట్టుకుని వింటున్నాను. త్రికోణమితి రెండో పాఠం దగ్గర గొంతు గరగరమంది. మూడో పాఠంలో ఇంకాస్త. అక్కణ్ణుంచి ఒక్క వీడియోలోనూ ఆ గరగర పోలేదు. డాక్టరుకు చూపించేనాటికి ఎనిమిది నెలలు గడిచాయి. ఎనిమిది నెలలూ ఆ గొంతు మా ఇంట్లోనే, నా చెవి పక్కనే మాట్లాడింది. నాకు వినపడలేదు. అయిదో పాఠంలో ఆయన దగ్గు వస్తే ఆగారు. వెనక వంటింట్లోంచి నా గొంతు. "సల్లనీళ్ళు తాగొద్దంటే ఇనరు గదా. అనుభవించండి."

ఆ ముక్కను కోసి పారేశాను. కోసినా నా చెవిలోంచి పోలేదు. ఆ రోజు ఆయన పాదాల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎందుకో ఆయనకు చెప్పలేదు. ఆయన పలక తీసుకుని "కళ్ళు నొప్పా? చుక్కల మందు వేసుకో మణీ" అని రాశారు.

డిసెంబరు మొదటి వారానికి సరూప త్రిభుజాల పాఠం తయారైంది. నలభై ఒక్క ముక్కలు, నలభై ఒక్క బటన్లు. ఒక్క సెకను ఖాళీ లేదు. దత్తు చూసి పెళ్ళి వీడియోలు చెయ్యడానికి వచ్చెయ్యమన్నాడు. నేను కూడా పొంగిపోయాను, ఎందుకు అబద్ధం.

అలివేలుమంగగారు ముందు ఒకసారి మామూలుగా చెప్పి చూడమన్నారు. పదో తరగతి. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన స్క్రీన్ తాకారు. గొంతు గలగలా వచ్చింది. ప్రశ్న వచ్చింది, అదే ముక్కలో వెంటనే జవాబూ వచ్చింది. ఇంకో ప్రశ్న, ఇంకో జవాబు. పిల్లలు సినిమాకు వచ్చినట్టు చేతులు కట్టుకుని చూశారు. నలభై నిమిషాల్లో ఒక్కరు నోరు విప్పలేదు. ఆయన మధ్యలో ఏదో చెయ్యాలని రెండుమూడుసార్లు చెయ్యెత్తి దించేశారు. స్క్రీన్ పక్కన నిలబడి, తన వీడియోకు తానే స్విచ్చి వేసే కరెంటు మనిషిలా అయిపోయారు.

బయటికొచ్చాక హెడ్‌మిస్ట్రెస్‌గారు నెమ్మదిగా అన్నారు, వీడియో చాలా బాగుందని, అయితే అది పెట్టడానికి మాస్టారు అక్కర్లేదని. ఇంకో వారం టైముందని కూడా అన్నారు.

ఇంటికొచ్చి ఆయన పలక మీద రాసిన మాటకు నాకు తిక్క రేగింది. "నేను ఆగిన చోటల్లా కోసేశావు." మూడు నెలలు కళ్ళు పోయేలా కూర్చుంది ఇందుకా? నాలుగు మాటలు అనేశాను. ఆయన తిరిగి అనలేరని తెలిసి కూడా అన్నాను. కోపం దిగాక పాత ఫోను తీసి కోయకముందు వీడియో పెట్టాను.

కొబ్బరిచెట్టు లెక్క. "మీటరు కర్ర నీడ రెండు మీటర్లు పడింది. అదే టైములో కొబ్బరిచెట్టు నీడ పద్దెనిమిది మీటర్లు. చెట్టు ఎత్తెంత?" అని అడిగి ఆయన ఊరుకున్నారు. నేను కోసింది ఇదే. ఇన్నాళ్ళూ పాఠం మర్చిపోయి తడుముకుంటున్నారనుకున్నాను. ఈసారి మొహం చూశాను. తడుముకోవడం లేదు. ఎడమవైపు చూశారు, కుడివైపు చూశారు, వెనక బెంచీ ఉండాల్సిన చోటు చూశారు. ఎవరినో "ఊఁ, చెప్పు" అన్నట్టు గడ్డం ఎగరేశారు. లెక్కపెట్టాను, పదకొండు సెకన్లు. ఎదురుగా ఎవరూ లేరు. నా కుట్టు మిషను, గోడ. ఊళ్ళో జనమంతా తలుపులేసుకున్న రోజుల్లో, రాని పిల్లల కోసం ఆయన అలా ఆగారు. ప్రతి ప్రశ్నకూ ఆగారు.

జాకెట్టుకు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలకుండా నేనెప్పుడూ కత్తెర పెట్టను. మనిషి రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవాలి కదా. ఆయన వదిలిన గుడ్డను మాత్రం అంచుదాకా కోసి పారేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ నలభై ఒక్క ముక్కలూ మళ్ళీ విప్పాను. దత్తు దగ్గర కూర్చుని, ప్రశ్న అయిపోగానే బొమ్మ ఆగిపోయేలా, ఆయన తాకేదాకా ఎంతసేపైనా కదలకుండా ఉండేలా పెట్టడం నేర్చుకున్నాను. దత్తు ఈసారి సూత్రాలు చెప్పలేదు. "మమ్మల్నీ అలాగే సూసేవోరండి. సెప్పేదాకా వదిలేవోరు కాదు," అన్నాడు.

చూపించాల్సిన రోజు మొదటి పీరియడ్. అలివేలుమంగగారు నా పక్కనే కూర్చున్నారు, ఒళ్ళో తెల్లకాగితం. ఆయన మెడకు కొత్త గుడ్డ కట్టుకున్నారు. స్క్రీన్ తాకారు. కొబ్బరిచెట్టు లెక్క అడిగింది గొంతు. అడిగి ఆగింది. స్క్రీన్ మీద ఆయన మొహం గడ్డం పైకెత్తి అలాగే ఉండిపోయింది. పక్కన బతికున్న మొహం కూడా అలాగే ఉంది.

పిల్లలు స్క్రీన్ వైపొకసారి, ఆయన వైపొకసారి చూశారు. తాకెయ్యండి, జవాబు వచ్చేస్తుంది, మన పరువు దక్కుతుంది అని లోపల మొత్తుకున్నాను. ఆయన తాకలేదు.

మూడో బెంచీలో అప్పలలక్ష్మి అనే పిల్ల లేచింది. "పదిహేడండి," అంది. నీడ కర్రకంటే ఒక మీటరు ఎక్కువ, కాబట్టి చెట్టు నీడలోంచి ఒకటి తీసేసిందట. తప్పు. పైగా అలాంటి తప్పుకు నేను బటన్ పెట్టలేదు. నలభై ఒక్క ముక్కల్లో ఎక్కడా పదిహేడు లేదు. పక్కన హెడ్‌మిస్ట్రెస్‌గారు కలం మూత తీశారు. అయిపోయింది అనుకున్నాను.

ఆయన స్క్రీన్ వైపు చూడనైనా లేదు. బల్ల మీదున్న రెండు మీటరు కర్రలూ తీసుకుని, అప్పలలక్ష్మిని రమ్మని చెయ్యి ఊపి బయటికి నడిచారు. పిల్లలంతా ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతూ వెనకే పోయారు. హెడ్‌మిస్ట్రెస్‌గారు వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు. నేను కిటికీలోంచి చూశాను.

పొద్దుటి ఎండ. ఒక కర్ర నిలబెట్టారు. ఆ పిల్ల నేల మీద కూర్చుని టేపుతో నీడ కొలిచింది, ఒకటిన్నర. ఆయన రెండో కర్రను మొదటిదాని మీద ఎత్తి పట్టుకున్నారు. వేళ్ళతో అడిగారు, ఇప్పుడెంత? తన లెక్క ప్రకారం రెండున్నర రావాలంది. కొలవమన్నట్టు నేల చూపించారు. కొలిచింది. మూడు. మళ్ళీ కొలిచింది. ఆయన తొందరపెట్టలేదు. ఎండలో రెండు చేతులూ పైకెత్తి ఆ కర్రలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆ పిల్ల మట్టిలో వేలితో ఏదో గీసుకుంది, చెరిపేసుకుంది, తలెత్తింది.

"కర్ర రెండింతలైతే నీడా రెండింతలే పడతందండి మాస్టారండీ. తీసెయ్యకూడదు. చెట్టు తొమ్మిది మీటర్లే."

ఆయన నవ్వారు. ఆపరేషన్ తర్వాత ఆ నవ్వు నేను చూడలేదు.

అలివేలుమంగగారు వరండాలోంచి వెనక్కి తిరిగి నాతో అన్నారు. "అందిందని రాసేస్తాను రత్నమణిగారూ. మాస్టారికి ఆ వీడియోలు లేకపోయినా ఫర్వాలేదు."

దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. కానీ ఆ మాట నాకు ఇంకోచోట కూడా తగిలింది. మూడు నెలలు చెవుల్లో పెట్టుకుని తిరిగిన గొంతు ఇక ఎవరికీ అక్కర్లేదు. పిల్లలు అది లేకుండానే నేర్చుకుంటారు. ఆయన అది లేకుండానే నేర్పుతారు. అది లేకుండా ఉండలేనిది నేనొక్కదాన్నే.

ఖాళీ క్లాసులో స్క్రీన్ మీద మొహం ఇంకా జవాబు కోసం ఆగే ఉంది. దగ్గరికెళ్ళి నేనే తాకాను.

"తొమ్మిది మీటర్లు," అంది గొంతు, గరగర లేని మంచి రోజుల గొంతు. "ఎవరికైనా అర్థం కాకపోతే చెప్పండి. సిగ్గుపడొద్దు."

"నాకర్థం కాలేదండీ. మళ్ళీ సెప్పండి," అన్నాను. మళ్ళీ నొక్కాను.