పడవ పండుకునే ఒడ్డు

గోదావరిని ఆ పక్క ఊళ్లలో ఎవరూ గోదావరి అనరు, గంగ అంటారు. వరంగల్ జిల్లా తూర్పు కొసన ఆ గంగ రెండు పాయలుగా చీలి, కొంత దూరం పోయాక మళ్లీ కలుసుకుంటుంది. మధ్యలో మిగిలిన నేల పేరు నడిగడ్డ. నలభై గడపల పల్లె, చుట్టూ మిరప చేలు, చేల చుట్టూ నీళ్లు. పిల్లలు బడికి పోవాలన్నా, వడ్లు మర పట్టించాలన్నా, జ్వరానికి సూది వేయించుకోవాలన్నా అవతలి ఒడ్డున ఉన్న పెద్దరేవుకు పోవాల్సిందే. పేరుకు రెండూ ఒకే పంచాయతీ. ఆ సంగతి ఓట్లప్పుడు అందరికీ భలే గుర్తుండేది.

పడవ పంచాయతీది. ఏటా ఉగాదికి ముందు పెద్దరేవులో రేవు పాట జరిగేది. ఎక్కువకు పాడినవాడు ఏడాదంతా పడవ నడుపుకుని కిరాయి తీసుకుంటాడు. ఇంకెవరైనా సొంతంగా తెప్ప వేస్తే వాడి మీద కేసు. నాలుగేళ్లుగా ఆ పాట ఎరువుల దుకాణం వెంకట్రాజందే. వచ్చిన డబ్బుతో పంచాయతీ పెద్దరేవులో వీధి దీపాలు పెట్టించింది, మురికినీళ్లు పోయే మోరీలు కట్టించింది, ఆఫీసుకు రేడియో కొన్నది. మరి నడిగడ్డకు ఏం చేసిందయ్యా అంటే, ఆ దీపాలు నడిగడ్డ నుంచి కూడా బ్రహ్మాండంగా కనపడేవి. అంతకంటే ఏం కావాలి?

మొగిలమ్మకు ఆ దీపాలు చూస్తే ఒళ్లు మండేది.

ఎనభై రెండులో, శ్రావణ మాసంలో, ఆమె పెద్దబిడ్డ సమ్మమ్మ తొలిచూలు కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. వర్ధన్నపేటలో ఉన్న పిల్లను, పక్కనే దవాఖానా, ఇంటి ముందు నుంచే బస్సు పోయే చోట ఉన్న పిల్లను, మొదటి కాన్పు మాదే అని పట్టుబట్టి తెచ్చుకున్నది మొగిలమ్మే. పొద్దు గూకే వేళకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. గంగ నిండుగా పోతోంది. పడవేమో అవతలి ఒడ్డున, గొలుసుతో రావిమొద్దుకు కట్టి, తాళం వేసి ఉంది. అది వెంకట్రాజం పెట్టిన పద్ధతి. చీకటి పడితే పడవ పెద్దరేవు ఒడ్డునే పండుకోవాలి, తెల్లారాకే లేవాలి. మొగిలమ్మ నీళ్ల అంచున నిలబడి గొంతు పోయేదాకా అరిచింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఎవరూ రాలేదు. తెల్లారి పడవ వచ్చేసరికి సమ్మమ్మా లేదు, కడుపులో బిడ్డా లేదు.

వెంకట్రాజం దగ్గర జీతానికి పడవ నడిపే ఇమాం పాషా ఇల్లు అవతలి రేవుకు ఆనుకునే ఉంటుంది. నా అరుపు వాడికి వినపడకుండా ఉంటుందా, విని కూడా పండుకున్నాడు అని మొగిలమ్మ నమ్మింది. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడటం మానేసింది. కిరాయి చేతికి ఇవ్వకుండా పడవ చెక్క మీద పడేసేది.

ఆ పుష్య మాసంలో కోడలు సారలమ్మకు మూడో నెల అని తేలింది. లెక్క వేస్తే మళ్లీ శ్రావణానికే. ఇల్లంతా సంతోషపడింది కానీ మొగిలమ్మకు ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడే పెద్దరేవులో గ్రామసభ. ఎప్పుడూ పోని మనిషి, మొగుడు కట్టయ్యను వెంటబెట్టుకుని పోయి ముందు వరుసలో కూర్చుంది.

"పొద్దుగూకినంక పడవ మా ఒడ్డుకు కట్టేయాలె దొరా. గిదొక్కటి పాట షరతుల రాయుండ్రి. ఇంకేం అడుగుతలేం," అంది.

సర్పంచ్ రాజేశ్వర్ రావు చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆయన ఏనాడూ పొద్దుగూకాక గంగ దాటాల్సిన అవసరం పడినవాడు కాదు. "గట్ల షరతులు పెడితే పాట దిగిపోతది మొగిలీ. పాట దిగితే పంచాయతీకి పైసలేడికెల్లి వస్తయి? దీపాలు ఆర్పుకోమంటవా?" అన్నాడు.

"ఆర్పుమంటలేను దొరా. పడవ పండుకునే ఒడ్డు మార్చుమంటాన."

"పడవకు గూడ అత్తగారిల్లు, తల్లిగారిల్లు ఉంటయా ఏందే?" అన్నాడు వెంకట్రాజం. సభ గొల్లుమంది.

పంచాయతీ సమితి నుంచి వచ్చిన ఆఫీసరు కిషన్ రావు గడియారం చూసుకుంటూ ఉన్నాడు. ఆయనకు హనుమకొండ బస్సు అందుకోవాలనే తొందర. "చూడమ్మా, పాడినోడు ఎట్ల నడిపినా మేం చెయ్యగలిగేది లేదు. ఎవ్వరు పాడకపోతే అప్పుడు పంచాయతే జీతానికి మనిషిని పెట్టి నడపాలె. అప్పుడు సభ ఎట్లంటే గట్ల," అని చెప్పి లేచిపోయాడు. ఆయన ఆ మాట ఊరికే, వదిలించుకోవడానికి అన్నాడు. మొగిలమ్మ మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చింది.

"ఈసారి ఎవ్వలు పాడొద్దు," అంది దారిలో.

"వెంకట్రాజం నోరు కుడుతవా?" అన్నాడు కట్టయ్య.

"కుట్టుడెందుకు? ఎక్కేటోళ్లు లేని పడవకు ఎవడు పాడుతడు?"

తెల్లారి నీళ్లకు వచ్చిన ఆడవాళ్లందరినీ రేవులో నిలబెట్టింది. పడవ మన ఒడ్డున పండుకునేదాకా మనం పడవ ఎక్కొద్దు అని, దోసిట్లో గంగ నీళ్లు పట్టి ఒట్టు వేయమంది. కొందరు వెంటనే వేశారు. కొందరు మిరపకాయ మూటల సంగతేమిటన్నారు. ఎగువన మోకాటి లోతు ఉన్న చోట నడిచి దాటుదాం, వానలు పడేదాకా గంగ ఎవరినీ ముంచదు అంది. అందరూ ఒప్పుకున్నాక, అక్కడే ఉన్న కొడుకు, సారలమ్మ మొగుడు యాకయ్య మెల్లగా అడిగాడు.

"వానలు పడ్డంక ఎట్లవ్వా? సారలకు నెలలు నిండినంక గూడ ఎక్కొద్దా?"

"గప్పటిదాంక రానియ్య," అని మొగిలమ్మ కడవ ఎత్తుకుని పోయింది.

ఆ మాఘ, ఫాల్గుణాలు నడిగడ్డ నడిచింది. ఎగువకు పోయి, ఇసుకలో దిగి, చల్లటి నీళ్లలో మూటలు నెత్తిన పెట్టుకుని దాటి, మళ్లీ ఒడ్డు వెంట పెద్దరేవుకు. ముసలివాళ్లకు కాళ్లు వాచాయి. తిట్టుకున్నారు, మొగిలమ్మనూ తిట్టారు, కానీ నడిచారు. దుకాణానికి పోయిన ఒక పెద్దమనిషి వచ్చేటప్పుడు ఎవరూ చూడట్లేదని దొంగచాటుగా పడవ ఎక్కి వచ్చాడు. ఆడవాళ్లు ఆయన చేతిలోని సంచి తీసుకుని, భుజం పట్టి ఎగువ దాకా తీసుకుపోయి, అవతలికి దాటి మళ్లీ ఇటు నడిచి రమ్మన్నారు. పాపం, వచ్చాడు. ఆయన చేతే ఆ కథ చెప్పించుకుని తర్వాత చాలా రోజులు నవ్వుకున్నారు.

ఇమాం పాషా పొద్దంతా ఖాళీ పడవలో కూర్చునేవాడు. వెంకట్రాజం మాత్రం చెక్కు చెదరలేదు. "నడువనీ. గంగ నిండినంక ఈదుకుంట వస్తరా? ఎక్కక ఏడికి పోతరు," అని దుకాణంలో కూర్చుని అందరితో అనేవాడు. ఆ మాట నడిగడ్డకు చేరినప్పుడల్లా మొగిలమ్మ పోయి గంగ నీళ్ల మట్టం చూసి వచ్చేది. వాడి మాటలో తప్పేమీ లేదు, అదే ఆమె భయం.

పాట రోజు వచ్చింది. నడిగడ్డ మొత్తం నీళ్లలో నడిచి వచ్చి, తడిసిన కట్టుబట్టలతో పంచాయతీ ఆఫీసు ముందర నిలబడింది. దిగువ ఊళ్ల నుంచి పాడటానికి వచ్చిన ఇద్దరు వాళ్లను చూసి, ఖాళీ పడవను చూసి, చెట్టు నీడకు పోయి బీడీలు ముట్టించారు. వెంకట్రాజం మాత్రం బల్ల ముందరే కూర్చున్నాడు. ఊళ్లో చాటింపు వేసే సుంకరి డప్పు కొట్టి, పాడేవాళ్లు పాడండి అని అరిచాడు.

"నేను పాడుత. నాకేం ఫికర్ లేదు. వానలు నా దిక్కున్నయి," అన్నాడు వెంకట్రాజం, పైసల మాట ఇంకా చెప్పకుండానే, మొగిలమ్మను చూసి నవ్వుతూ.

"పాడు పటేలా. గంగ నిండినంక గూడ మేం ఎక్కం," అంది మొగిలమ్మ. గొంతు గట్టిగానే వచ్చింది.

రాజేశ్వర్ రావుకు చిరాకు పుట్టింది. "ఎక్కక ఏం జేస్తవే? నీ కోడలికి శ్రావణానికి నిండుతయట గద. అప్పుడు గూడ ఎక్కవా?"

జనమంతా మొగిలమ్మ మొహం వంక చూశారు. ఎక్కను అంటే కోడలి ప్రాణం పణం పెట్టినట్టు. ఎక్కుతాను అంటే ఇన్నాళ్ల నడక నీళ్లలో కలిసినట్టు. ఏదో ఒకటి అనాలని ఆమె నోరు తెరిచేలోగా వెనక నుంచి సారలమ్మ ముందుకు వచ్చింది. నలుగురిలో ఎప్పుడూ నోరెత్తని పిల్ల. కొంగు నడుముకు చుట్టుకుని, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని ఉంది.

"ఎక్కవా అని అడుగుతాండ్రు. మా సమ్మమ్మ వదినె ఎక్కనన్నదా దొరా?" అంది.

సర్పంచ్ తల వంచుకున్నాడు. అప్పుడు జనం వెనక నుంచి ఇమాం పాషా లేచాడు. వచ్చి, చేతిలోని గొలుసునూ తాళాన్నీ బల్ల మీద పెట్టాడు.

"పాడేటోళ్లు పాడుకోండ్రి. నేనైతే నడప," అన్నాడు.

"నీకేమైందిరా?" అన్నాడు వెంకట్రాజం.

"ఆ పొద్దు అక్క అరుపు నాకినబడ్డది పటేలా. తాళంచెయ్యేమో నీ జేబుల హసన్‌పర్తికి పెండ్లికి పాయె, తెల్లారి నువ్వొచ్చినంకనే దొరికె. రాయి తీసుకోని కొట్టిన. చేతులు పగిలినయి గని తాళం పగల్లే. నేను గూడ ఇక్కడికెల్లి అరిసిన అక్కా, వస్తాన వస్తాన అని. గంగ మోతల నీకు ఇనబడలేదు."

మొగిలమ్మ బల్ల దగ్గరకు వచ్చి తాళాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక పక్కంతా సొట్టలు, గీతలు. ఇన్ని నెలలు ఈ మనిషినా తాను శాపనార్థాలు పెట్టింది? ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది, నలుగురిలో ఆపుకోవాలని కూడా చూడలేదు. "తమ్మీ," అని మాత్రం అనగలిగింది.

"పాడేటోళ్లు పాడుండ్రి, ఒకటోసారి," అని సుంకరి మళ్లీ అరిచాడు.

వెంకట్రాజం తాళాన్ని చూశాడు, తడి బట్టలను చూశాడు. నిండిన గంగలో ఆ పాయ సుళ్లు తెలిసినవాడు ఇమాం పాషా ఒక్కడే. ఎక్కేవాళ్లు లేరు, నడిపేవాడూ లేడు. ఆయన వ్యాపారి, ఆ మాత్రం లెక్క ఆయనకు వచ్చు.

"రెండోసారి."

వెంకట్రాజం పెదవులు కదిలాయి, మళ్లీ మూసుకున్నాయి.

"మూడోసారి." సుంకరి ఇటూ అటూ చూసి, ఏం చేయాలో తోచక డప్పు ఒక్క దెబ్బ కొట్టాడు. వెంకట్రాజం కండువా దులుపుకుని దుకాణం వైపు నడిచాడు.

పాట జరిపించడానికి వచ్చిన సమితి ఆఫీసరు కిషన్ రావు లేచి నిలబడ్డాడు. పంచాయతీయే నడపాలని, మనిషిని పెట్టుకోమని చెప్పాడు. రాజేశ్వర్ రావు నిట్టూర్చి ఇమాం పాషా వైపు తిరిగాడు. "నువ్వు తప్ప ఎవడున్నడుగని, నడుపుతవా?"

"నడుపుత దొరా. పొద్దుగూకినంక పడవ నడిగడ్డల పండుకోవాలె. నేను గూడ ఆడనే పండుకుంట."

"మరి నీ ఇంట్ల ఏమంటదో?"

"మా ఇంటామె తాహెరానే చెప్పింది దొరా, ఆ తాళం మళ్ల ఇంటికి తేవద్దని."

"మరి దీపాలకెట్ల?" అన్నాడు సర్పంచ్ ఎవరితోనూ కాక తనలో తాను.

"మేం ఎక్కుడు మొదలువెడితే కిరాయి కడ్తం గద దొరా. మీ దీపాలు మీకు ఎలుగుతయి," అంది మొగిలమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం నడిగడ్డ మొత్తం పడవలో, విడతలు విడతలుగా ఇల్లు చేరింది. కట్టయ్య ఒడ్డున ఒక గుంజ పాతాడు. ఇమాం పాషా పడవను దానికి తాడుతో కట్టాడు. గొలుసు లేదు, తాళం లేదు. అక్కడే అతనికి ఒక గుడిసె వేసి ఇచ్చారు. పూట పూటకూ ఎవరో ఒకరి ఇంటి నుంచి అన్నం పోయేది. మొగిలమ్మ ఇంటి నుంచే ఎక్కువ సార్లు పోయేది.

శ్రావణం వచ్చింది. గంగ ఎర్రగా నిండి, ఒడ్డు కోసుకుంటూ పోతోంది. ఒకనాడు పొద్దు గూకే వేళ సారలమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే నడుము పట్టుకుని "అత్తా" అంది.

ఆ ఒక్క పిలుపుతో మొగిలమ్మకు ఏడాది కింది రోజు వచ్చి ఎదురుగా నిలబడింది. కోడలిని పట్టుకోమని యాకయ్యకు చెప్పి, ఒడ్డుకు పరుగెత్తింది. సన్నగా వాన పడుతోంది. అదే చోట, అదే నీళ్ల అంచున నిలబడి, అవతలి ఒడ్డున వెలుగుతున్న దీపాల వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఊపిరి తీసుకుంది.

"ఎవల్ని పిలుస్తానవక్కా?" అన్నాడు ఇమాం పాషా పక్క నుంచి.

పడవ ఆమె కాళ్ల దగ్గరే ఉంది. అతను అప్పటికే తాడు విప్పుతున్నాడు.