అదెంత పని

శనివారం సాయంత్రం పార్సిల్ ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఒక గుమ్మడికాయ తేవడం కాటా అక్కకు పన్నెండేళ్ళ అలవాటు. ఆమె అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో భద్రంగా ఉంది గానీ దాంతో ఎవరికీ పనిపడలేదు. రోజంతా కాటా దగ్గర నిలబడి పెట్టెలూ మూటలూ తూస్తుంది కాబట్టి అందరికీ కాటా అక్క. ఏ వస్తువైనా చేతిలోకి తీసుకుంటే చాలు, బరువెంతో చెప్పేస్తుంది. ఆ తర్వాత కాటా ఒప్పుకుంటుంది, అంతే. ఆ రోజు ఏరి తెచ్చిన కాయ మూడు కిలోలు. ఆదివారం భోజనం చివర్లో గుమ్మడికాయ తీపి లేకపోతే ఆ ఇంట్లో ఎవరికీ తిన్నట్టే ఉండదు.

కాయని వంటింట్లో బల్ల మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పింది.

"రేపు పదింటికల్లా నేను బయల్దేరాలి. పదకొండింటికి పరీక్ష."

తూకం విభాగానికి పెద్దని ఎంచుకునే పరీక్ష అది. ఎవరు నెగ్గారో అక్కడికక్కడే చెప్పేస్తారు. మొదటిసారి పిలుపు వచ్చినప్పుడు మరిదికి జ్వరం. రెండోసారి అత్తగారికి కంటి ఆపరేషను. జ్వరమూ ఆగలేదు, కన్నూ ఆగలేదు, ఆగాల్సింది పరీక్షే కాబట్టి ఆగింది. నెల తిరిగితే ఆమెకు నలభై నిండుతాయి. నలభై దాటినవాళ్ళని పిలవరు. ఇది తప్పితే ఇక లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఒకటికి నాలుగుసార్లు చెప్పింది కూడా.

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఊరందరి టైమూ సరిచేస్తాడు గానీ, తన ఇంట్లో ఏ పనికి ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలియదు. పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"పదింటికి కదా! పొద్దున్నే ఆ తీపి చేసిపెట్టి వెళ్ళు. అదెంత పని!"

బల్ల కిర్రుమంది. కాటా అక్క వెళ్ళి కాయ ఎత్తి చూసింది. ఐదు కిలోలు.

ఆ ఇంట్లో గుమ్మడికాయలకు ఆ గుణం ఉంది. ఎవరైనా 'అదెంత పని' అంటే బరువెక్కుతాయి. కొన్ని ఇళ్ళల్లో గోడలు చెమ్మెక్కుతాయి, కొన్ని ఇళ్ళల్లో తలుపులు బిగుసుకుపోతాయి, ఇక్కడ ఇది. ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎత్తేది ఎలాగూ వాళ్ళు కాదు కదా!

"పాలు కాస్త ఎక్కువ పొయ్యమ్మా," అంది అత్తగారు మంచం మీంచి. "నా రోజుల్లో ఇట్టే చేసేసేదాన్ని. అదెంత పని!"

తొమ్మిది కిలోలు. తెలియక అన్న మాటకు రెండైతే తెలిసి అన్నదానికి నాలుగు, న్యాయమే. ఆ కాయల చెక్కు ముప్పై ఏళ్ళు తీసిన చేతులు ఆవిడవి. మర్చిపోయానంటే ఎవరు నమ్ముతారు?

"వదినా, ఇది చూడు!" మరిది ఫోను ఊపుకుంటూ వచ్చాడు. "పది నిమిషాల్లో అయిపోయింది. గుమ్మడికాయ, పాలు, చక్కెర. అంతే! అదెంత పని!"

ఆ ఫోనులో మనిషి ముందు ముక్కలు కోసి గిన్నెలో పెట్టి ఉన్నాయి. ఎవరు కోశారు? చెక్కలాంటి ఆ తోలు ఎవరు తీశారు? గింజలు గీకి, ఉడకబెట్టి, మెదిపి, పీచు వడకట్టి, అడుగంటకుండా ముప్పావు గంట కలిపి, చివరికి ఆ మాడిన గిన్నె ఎవరు తోమారు? అదంతా ఫోనులో కనపడదు. కాటా అక్కకు ఒళ్ళు మండిపోయింది. కానీ పన్నెండేళ్ళుగా మండుతున్న ఒళ్ళే కాబట్టి వెళ్ళి చీర ఇస్త్రీ చేసుకుంది.

తెల్లవారింది. ఏడింటికి కాయ ఎత్తబోతే నడుం పట్టేసినంత పనైంది. కత్తి దిగలేదు. ఎనిమిదైంది. పాలగ్లాసు పట్టుకుని పక్కనే కూర్చున్న కూతురితో అంది.

"ఈసారికి తీపి లేదే తల్లీ. నాకు టైము చాలదు."

ఎనిమిదేళ్ళ పిల్ల. తల్లి మీద కొండంత నమ్మకం. పాల మీసంతో నవ్వి, ముద్దుగా అంది. "చేసేస్తావులే అమ్మా. నీకు అదెంత పని!"

బల్ల కాలు ఫెళ్ళున విరిగింది. గుమ్మడికాయ దభీమని నేల మీద పడి, హాల్లోంచి దొర్లుకుంటూ పోయి వీధి తలుపుకు ఆనుకుని కూర్చుంది. కింది వాటా వాళ్ళు కర్రతో పైకప్పు పొడిచారు. లోపలికి తెరుచుకునే తలుపు, మూడో అంతస్తు, కిటికీలన్నిటికీ ఇనప చువ్వలు. భర్తా మరిదీ భుజాలు ఆనించి తోశారు. అంగుళం కదలలేదు.

మొగుడు అన్నాడు, అత్త అంది, మరిది అన్నాడు, సరే. తన కడుపున పుట్టిన పిల్ల ఆ మాట ఎక్కడ నేర్చుకుంది? ఇంకో ఇరవై ఏళ్ళకు అదే మాట ఆ పిల్లతో ఎవరంటారు? కాటా అక్కకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. నిఖార్సైన కోపం.

"ఎవరండీ ఈ మాటలన్నది?" అని అరిచింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురు పెద్దవాళ్ళూ ఒక్కసారే ఎక్కడెక్కడో చూశారు.

"కత్తి అక్కడుంది. అన్నవాళ్ళే కొయ్యండి."

"మేమా? మాకు రాదే!" అన్నాడు భర్త.

'అదెంత పని' అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. బరువు పెరుగుతుందని మింగేసింది. ఇస్త్రీ చీర కట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

భర్త నేల మీద చతికిలబడ్డాడు. చిన్న చిన్న మరలు తిప్పే వేళ్ళకు పది నిమిషాల్లోనే బొబ్బలు లేచాయి. ఒక్కో చెక్కు ఊడినకొద్దీ కాయ కాస్త తేలికపడింది. మరిది సగం కోసి గింజలు గీకాడు. "ఈ జిగురు ఫోనులో చూపించలేదే!" అని గోల. అత్తగారు ముక్కలు ఒళ్ళోకి లాక్కుని తరుగుతూ, తల ఎత్తకుండా అంది.

"ఇట్టే ఏమీ అయ్యేది కాదమ్మా. భుజాలు లాగేసేవి. చెప్తే వినేవాళ్ళు ఎవరున్నారని, చెప్పలేదు."

పిల్ల తొక్కలు ఏరి బుట్టలో వేసింది. పొయ్యి మీద ముక్కలు ఉడకడం మొదలైంది. తొమ్మిదీ యాభై. తలుపు దగ్గర మిగిలింది సగం కాయ. లెక్క ప్రకారం కిలోన్నర ఉండాలి. భర్త ఎత్తబోయాడు. రాలేదు. అన్నదమ్ములిద్దరూ కలిసి లాగారు. రాలేదు.

"అందరి మాటా తీరింది కదా! ఇంకెవరిది ఇది?" అన్నాడు మరిది ఆయాసపడుతూ.

కాటా అక్క లేచి వెళ్ళి కాయ కింద చెయ్యి పెట్టింది. ఊళ్ళో ప్రతి మూటా తూచిన చెయ్యి, మొట్టమొదటిసారి ఏమీ చెప్పలేదు.

"నువ్వేనమ్మా," అంది అత్తగారు నెమ్మదిగా. "కాపరానికి వచ్చిన మొదటి ఆదివారం. ఎందుకమ్మా శ్రమ, నేను చేస్తాలే అన్నాను. 'ఫర్వాలేదు అత్తయ్యా, అదెంత పని' అన్నావు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అంటూనే ఉన్నావు."

నిజమే. మంచి కోడలనిపించుకోవాలని అంది. ఆఫీసులో మంచి మనిషి అనిపించుకోవాలని అక్కడా అంది. ఆ మాటను ఇంతమందికి నేర్పింది తనే. ఆమె కోపం ఒక్క క్షణం తన మీదికే తిరిగింది. గోడ గడియారంలో పదికి ఐదు నిమిషాలుంది.

"కష్టం," అంది. మళ్ళీ గట్టిగా అంది. "అది కష్టమైన పని. పన్నెండేళ్ళూ కష్టంగానే ఉంది. నేను ఊరికే అన్నాను. ఇకమీద ప్రతి ఆదివారం నేను చెయ్యను. విన్నారా?"

కాలి బొటనవేలితో నెట్టింది. సగం గుమ్మడికాయ ఖాళీ గంపలాగా పక్కకు జరిగింది. ఆమె తలుపు తీసుకుని మెట్లు దిగిపోయింది.

తిరిగొచ్చేసరికి మూడైంది. ఇల్లంతా మాడు వాసన. వంటింట్లో నాలుగు గిన్నెలు, మూడు గరిటెలు, సింకు నిండా పీచు. భర్త వేళ్ళకు గుడ్డ చుట్టుకుని గిన్నె తోముతున్నాడు. మరిది నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. అత్తగారు కప్పు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. తీపిలో ఉండలున్నాయి, అడుగున మాడింది. కాటా అక్క కూర్చుని ఒక్క చెంచా కూడా మిగల్చకుండా తింది. ఆదివారం తీపి తను కూర్చుని తినడం ఆమెకు అదే మొదలు.

కూతురు వచ్చి మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది.

"అమ్మా, పరీక్ష ఎలా ఉంది? కష్టమా?"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. అందరూ ఆమె నోటికేసే చూస్తున్నారు. మాట అలవాటుగా పెదవులదాకా వచ్చింది. కాటా అక్క దాన్ని అక్కడే ఆపింది.

"చాలా కష్టంగా ఉందే," అంది. "అయినా నేనే నెగ్గాను."