హరిత చెరపనన్న గీత

మదనపల్లెలోని ఒక కాలేజీలో హరిత పరిశోధన చేస్తోంది. కంటికి ఆనని నానో స్ఫటికాల మీద అణువులు ఎంత గట్టిగా అతుక్కుంటాయో కొలవడం ఆమె పని. స్ఫటికాలున్న ద్రావణంలోకి చుక్కచుక్కగా ఆ అణువులను వదిలితే, అతుక్కున్నప్పుడల్లా పిసరంత వేడి పుడుతుంది. యంత్రం ఆ వేడిని గీతగా గీస్తుంది. గీత ఒకచోటే వంగుతుందని అందరూ అనుకున్నారు. హరితకు రెండుచోట్ల వంగింది.

"మొదటి వంపు కాడి కొలతలు తీసేయమ్మా," అన్నాడు గైడు దామోదర్. "యాదో మురికి పడుంటాది. ఒక్క వంపుంటే, ఎంత గట్టిగా అతుక్కుంటాయో చెప్పేదానికి ఒక్క అంకె సాలు. కుప్పం సెమినారుకు అదే పెడదాం."

"మురికి కాదు సార్. కొత్తగా చేసి, కడిగి చూసినా అట్లే వస్తాండాది. స్ఫటికానికి ఒక పక్క గట్టిగా పట్టుకుంటాండాయి, ఇంకో పక్క వదులుగా."

"నువ్వు సూసినావా?"

"వేడి సూసినాను సార్. తీసేయను."

దామోదర్ మొహం ముడుచుకున్నాడు. అయితే ఆ పత్రం మీద తన పేరు వద్దన్నాడు. యంత్రం గది తాళం జేబులో వేసుకున్నాడు.

పుంగనూరులో ఇల్లు చేరేసరికి తల్లి మునెమ్మ నానబెట్టిన అనపగింజల పొట్టు పితుకుతోంది. సంగతంతా విని, "ఆయప్ప సెప్పినట్టు సేస్తే ఏం పోతాది?" అంది.

"నాకేం పోదు మా. రేపు ఇంకొకరు ఆ తప్పు అంకెను నమ్ముకుంటారు."

"మరి యాల ఏడస్తాండావు?"

"కోపంతో."

"కోపముంటే తిని పో," అని మునెమ్మ కంచం పెట్టింది.

కుప్పంలో హరిత గీత మొత్తం చూపించింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆమె గొంతు తగ్గించలేదు. అక్కడి ప్రొఫెసర్ సుష్మ లేచి, "నాకు నమ్మకం కుదర్లేదు. అయినా నీ శాంపిల్ తీసుకురా, మా మిషన్లో చూద్దాం," అంది.

మర్నాడు హరిత మదనపల్లె ల్యాబులో సీసాలు సంచిలో సర్దుతుంటే దామోదర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవర్ని అడిగి ఎత్తుకపోతాండావు?"

"నేను చేసినవి సార్. తప్పయితే తప్పని నేనే చెప్తాను. దారి ఇయ్యండి."

ఆయన పక్కకు జరిగాడు.

కుప్పంలోనూ గీత రెండుచోట్లే వంగింది. సుష్మ అనుమానం పూర్తిగా తీరలేదు గానీ, హరితకు గైడుగా ఉంటానంది. గైడును మార్చుకున్నందుకు హరిత చదువు ఒక ఏడాది వెనకబడింది. బాధ లేకపోలేదు. అయినా పొద్దున్నే కుప్పం బస్సెక్కి, కిటికీ పక్క సీట్లో నిటారుగా కూర్చుంది.