లైను మీద పందెం

పన్నెండో రోజు కూడా చర్చి వరండాలో పదకొండు మందే కూర్చున్నారు. వాళ్ళలో ఇద్దరు నిద్రపోతున్నారు. వయోజన విద్యా కేంద్రం నడవాలంటే ముప్పై మంది ఉండాలి. "గురువారం వస్తాను. అప్పటికీ ఇంతే అయితే కేంద్రాన్ని పక్క ఊరికి మార్చేస్తాం" అని చెప్పి వెళ్ళాడు సూపర్‌వైజరు.

కేంద్రం పోతే క్రీస్తుదాసు మాస్టారు కాకుండా పోతాడు. ఆ పల్లెలో మొదటి బి.ఏ. అతనే. కొడుకుని పేరుపెట్టి పిలవడం తల్లి పున్నమ్మ మానేసి పన్నెండు రోజులయింది. మంచినీళ్ళు కావాలా అని అడగాల్సొచ్చినా "మాస్టారూ" అంటూనే అడుగుతోంది.

మిరప కోతలకి పోయే వీరమ్మ ముఠాలో ముప్పై ఇద్దరు ఆడవాళ్ళున్నారు. వాళ్ళొస్తే చాలు. మంగళవారం పొద్దున క్రీస్తుదాసు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాళ్ళు కోస్తున్న వెంకటనారాయణ గారి చేలోకి వెళ్ళాడు. గట్టు ఎక్కాడో లేదో, వదిన వరసయ్యే కోటిరత్నం కాళ్ళకి అడ్డంగా గంప పెట్టింది. కోత నడుస్తున్న చేలోకి కొత్తగా ఎవరొచ్చినా ముఠా ఈనాం అడగందే వదలదు.

"ఈనాం, మరిదీ!"

"నా దగ్గరేముంది వదినా?"

"బి.ఏ. ఉందిగా. దాంట్లోంచే ఓ ముక్క విరిచి పెట్టు."

"బడికి రండి. తెలుగేంటి, ఇంగ్లీషు కూడా చెబుతాను."

ముఠా పెద్ద వీరమ్మ నడుం నిటారుగా చేసి చూసింది. ఆమె అతనికి అత్త వరస. "మాకు ఇంగ్లీషు రాదనుకున్నావట్రా దాసూ? అయితే పందెం. ఒకటే ఇంగ్లీషు మాట. నువ్వోసారి వాడు, మేమోసారి వాడతాం. ఒకసారి వాడినట్టు మళ్ళీ వాడకూడదు. నువ్వు గెలిస్తే ముఠా మొత్తం బడికొస్తాం. ఓడితే ఈ మొక్కల సాలు చివరిదాకా నువ్వే కొయ్యాలి."

"ఏ మాట?"

వీరమ్మ తలెత్తి చేను మీదుగా పోతున్న తీగల్ని చూసింది. "లైను."

క్రీస్తుదాసుకి లోపల పండగయింది. నిఘంటువులో ఆ మాటకి రెండు నిలువు వరసల అర్థాలున్నాయి. పరీక్షలకి అవన్నీ చదివాడు.

"రెండు చుక్కల్ని కలిపే గీత లైను" అని మొదలుపెట్టాడు.

"ఇదిగో, కరెంటు లైను" అంది వీరమ్మ.

"పద్యంలో ఒక పాదం లైను."

"కిరసనాయిలుకి మడమలు వాచేదాకా నిలబడేది లైను" అంది కోటిరత్నం.

"మాచర్ల రైలు లైను."

"మా ఆయన లారీ లైన్లో దిగాడు. దాచేపల్లి సిమెంటు తోలతాడు" అని అవతల సాల్లోంచి ఒకామె.

"టెలిఫోను లైను!"

"మొన్నటిదాకా మొండికేసింది గానీ, మా కోడలిప్పుడు లైన్లోకొచ్చింది" అని ఇంకో ముసలామె అంది. "ఎవరు లైన్లోకొచ్చారో ఇంటికెళ్ళాక తెలుస్తదిలే అత్తా!" అని కోడలి గొంతు మొక్కల వెనకనుంచి వినబడింది. చేనంతా గొల్లుమంది.

కోటిరత్నం అతని దగ్గరికి జరిగింది. "రెబ్కా పిల్ల బావి కాడకి పోయే టయానికి సరిగ్గా నువ్వూ బొక్కెన పట్టుకొస్తావే, దాన్నేమంటారు మరిదీ?"

"అది... నీళ్ళ కోసం."

"లైనెయ్యడం అంటారు! పదో క్లాసు కుర్రాళ్ళనడుగు, చెబుతారు."

క్రీస్తుదాసు చెవులు పండు మిరపకాయలయ్యాయి. రెండు వరసల అర్థాలూ బుర్రలోంచి ఎగిరిపోయాయి. చివరికి ఎదురుగా ఉన్న మొక్కల్ని చూపించాడు. "ఈ వరస కూడా లైనే!"

వీరమ్మ జాలిగా చూసింది. "దీన్ని సాలంటారు నాయనా. మా తాతల కాడ్నించీ ఉన్న పేరు. మన మాట మనకుండగా ఇంగ్లీషు మాట అరువు తెచ్చుకోవడమెందుకు? చెల్లదు."

అతను ఇంకో లైను కోసం చుట్టూ వెతికాడు. దొరకలేదు.

"మాస్టారికి లైను కట్టయింది!" అని కేకేసింది కోటిరత్నం.

క్రీస్తుదాసు చొక్కా చేతులు మడిచి సాల్లోకి దిగాడు. కాయ తొడిమతో సహా తెగాలి. పది మొక్కలు దాటేసరికి వేళ్ళు మండాయి. మర్చిపోయి చెమట తుడుచుకున్నాడు. ఇక కళ్ళు! "రుద్దకు. ఏడువు, అదే పోద్ది" అంది వీరమ్మ. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

అన్నాల వేళకి అందరి సాళ్ళూ అయిపోయాయి. అతను సగంలో ఉన్నాడు. వెనకబడ్డ మనిషిని వదిలి అన్నానికి కూర్చోవడం ఆ ముఠాలో లేదు. అటు చివరనుంచి ఎదురు కోసుకుంటూ వచ్చారు.

మధ్యలో కలిశాక వీరమ్మ అడిగింది. "ఓడినోడివి, మాటలు చెప్పి పోతావనుకున్నాను. పోలేదేం?"

"పందెం పందెమే గదత్తా. గురువారానికి ముప్పై మంది లేకపోతే బడి పోద్ది. ఇప్పుడు నేను సాలు వదిలిపోతే మీరెప్పటికీ రారు."

"సాయంత్రం ఎట్టా వస్తాం మరిదీ?" అంది కోటిరత్నం. ఈసారి ఆమె గొంతులో ఎకసెక్కెం లేదు. "పొయ్యి ముట్టించాలి, పిల్లోళ్ళకి నీళ్ళు పొయ్యాలి. లాంతరు చూస్తేనే నిద్రొస్తది. ఎప్పుడు కుదురుద్దని మమ్మల్ని ఒక్కసారన్నా అడిగావా?"

అడగలేదు. నిబంధనల పుస్తకంలో సాయంత్రం అని ఉంది, అతను సాయంత్రం లాంతరు వెలిగించాడు. అంతే.

వీరమ్మ తేల్చేసింది. "రేపట్నించీ పలకలు ఇక్కడికి తీసుకురా. అన్నాలయ్యాక అరగంట కూర్చుంటాం. ఆ అరగంటకి తగ్గే కోత మాత్రం నువ్వొచ్చి కొయ్యాలి."

గురువారం మధ్యాహ్నం సూపర్‌వైజరు అడుగుతూ అడుగుతూ చేలోకే వచ్చాడు. గట్టు పొడుగునా ముప్పై ఇద్దరు ఆడవాళ్ళు ఒళ్ళో పలకలతో కూర్చుని ఉన్నారు. ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు. "సాయంత్రం కదయ్యా పెట్టాల్సింది" అని గొణిగాడు. అయినా కేంద్రాన్ని ఉన్నచోటే ఉంచవచ్చని పుస్తకంలో రాసుకుని, దగ్గర్లో ఉన్న కోటిరత్నాన్ని అడిగాడు.

"ఏమ్మా, ఎంతవరకొచ్చింది చదువు?"

"మాదేముందండీ, నాలుగక్షరాలొచ్చాయి. మా మాస్టారికే ఇంకా కాయ కొయ్యడం రాలా. తొడిమలు ఊడగొడుతున్నాడు."