అందరూ నిద్రపోయిన ఓడ

“ఏందే, ఏడుస్తాండావా? టీవీలో బొమ్మకు యాల ఏడిసేది?” అన్నాడు మునిరాజు, పదిమంది ముందూ పెళ్లాం మొహం చూసి. చాపల మీద కూర్చున్న వీధిజనం గొల్లున నవ్వారు. “ఇంట్లో మనిషి పోయినా ఇంత ఏడవదు ఈయమ్మ” అని అత్త రెడ్డెమ్మ పైమాట వేసింది. నవ్వేవాళ్ల ముందు జారిపడ్డట్టయింది అమరావతికి. కొంగుతో కళ్లు తుడుచుకుని, వాళ్లు తాగి పెట్టిన కాఫీ గ్లాసులు ఏరుకుని లోపలికి పోయింది.

పుంగనూరులో ఆ వీధి మొత్తానికి టీవీ వాళ్లింట్లోనే ఉంది. మదనపల్లె మండీలో టమాటాకు మంచి ధర పలికిన ఏడాది మునిరాజు తెచ్చాడు. ఆదివారం పొద్దున హిందీలో ఆకాశంలో పోయే ఓడ కథ వస్తుంది. ఎక్కడో ఉన్న చుక్కను చేరేదాకా ఓడలో అందరూ గాజుపెట్టెల్లో నిద్రపోతుంటారు. ఒక్క ఆడమనిషి మాత్రం మేలుకుని వాళ్లకు గాలి అందేలా చూస్తుంది, పెట్టెల మీద మంచు తుడుస్తుంది, ఉలకని పలకని ఆ మొహాలతో మాట్లాడుతుంది. తుడుస్తూ తుడుస్తూనే ఆమె జుట్టు నెరిసిపోయింది. ఆ వారం కథ చివర్లో ఒక చెయ్యి ఓడ తలుపు మీద, ఇంకో చెయ్యి అందరినీ లేపే మీట మీద పెట్టి నిలబడింది. తలుపు తీస్తే బయట గాలి లేదు, చావే. అక్కడ ఆపేశారు.

యాల ఏడిసేదంటే ఏమని చెప్తుంది? ఈ ఇంట్లో తను లేవనిదే పొయ్యి వెలగదు, తను పడుకునేసరికి అందరూ నిద్రపోయి ఉంటారు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో పడుకుంటే, “రాగిసంకటి ఎవురు కెలికేది?” అన్నారే కానీ, “ఎట్లుండాది?” అని ఒక్కరూ అడగలేదు. ఈ మధ్య బావిలో నీళ్లు చేదేటప్పుడు చేద పైకొచ్చాక కూడా అమరావతి వంగి చూస్తూనే ఉంటోంది. అలా చూడటం బాగుంటోంది. అదే ఆమెకు భయంగా ఉంది. ఓడలో మనిషి ఏ చెయ్యి కదుపుతుందో తెలిస్తే చాలనిపించింది, తన బతుకు ఆ చేతిలోనే ఉన్నట్టు.

హిందీ మాటలకు అర్థం చెప్పేది పక్కింటి జాహెదా. కుళాయి దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని, “ఏం చేస్తాదంటావు జాహెదా?” అని అడిగింది.

“నాకేం తెలుసు అమ్మా, కతే కదా. అట్ల సూస్తాండావేమి?” అంది జాహెదా, బెదిరినట్టుగా.

మళ్లీ ఆదివారం వచ్చేసరికి ఆషాఢం గాలి మొదలైంది. బొమ్మ బెంగుళూరు నుంచి రావాలి. మిద్దె మీద యాంటెనా కడ్డీ ఊగితే తెరంతా తెల్ల నలకలే. “అమరావతీ, పైకి పో! గట్టిగా పట్టుకో!” అని మునిరాజు కేకేశాడు. ఈ పనికి ఆ ఇంట్లో ఇంకెవరి పేరూ ఎవరికీ నోటికి రాదు. ఈ ఒక్కసారికి ఇంకెవరినైనా పంపమందామనుకుంటూనే మెట్ల వైపు నడిచింది.

ఎక్కి పట్టుకుంది. “ఆఁ, బాగుండాది, కదలాకు!” అని కింది నుంచి కేక. గాలికి కళ్లలో దుమ్ము కొడుతోంది. పిట్టగోడ లేని మిద్దె. కింద రాళ్లు పరిచిన పెరడు. కాసేపటికి ఇంట్లో గోల ఆగిపోయింది, ఎవరో “ష్” అన్నారు. ఆ ఘట్టమే వచ్చిందని అమరావతికి అర్థమైంది. తను పట్టుకుంటేనే బొమ్మ. పట్టుకున్నంతసేపూ తను చూడలేదు. ఎన్నేళ్లు పట్టుకున్నా ఇంతే.

కడ్డీ వదిలేసి మెట్లు దిగింది.

తెర నిండా నలకలు. “యాల దిగొస్తివి?” అని మునిరాజు అరిచాడు. అమరావతి పోయి టీవీ ముందు కూర్చుంది. బొమ్మ లేకపోయినా మాట మాత్రం గరగరమంటూ వస్తోంది. జాహెదా చెవి ఒగ్గి వింది.

“మీట నొక్కినాదమ్మా! అందరూ లేసినారు. యాల లేపినావని కసురుకుంటాండారు. ‘ఇంక మీరు కాపలా ఉండండి, నేను పండుకుంటా’ అంటాది.”

అమరావతి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

“వినింది సాల్లే, పైకి పో” అన్నాడు మునిరాజు.

“మీరు పోండి.”

పెళ్లయినప్పటి నుంచీ మొగుడికి ఆమె ఒక పని చెప్పడం అదే మొదలు. మునిరాజు తల్లి వైపు చూశాడు. రెడ్డెమ్మ చాపల మీదున్న జనం వైపు చూసింది. ఎవరూ లేవలేదు.

అమరావతి కూడా లేవలేదు.