తిన్నని దారిలో చప్పుడు

వేరు పడిన రోజున పెద్ద షావుకారు చేతికి వచ్చినవి ఇవి: నాలుగు చక్రాలూ లాగే పికప్ బండి, కొండ మీది క్వారీకి సరుకు తోలే దారి, గొలుసులూ తాళ్లూ, రెండు కొత్త టైర్లు, ఒక టార్పాలిన్, గోడౌన్ వెనక ఒంటి గది. తమ్ముడి వాటాకి బజారులో ఇనుప సామాన్ల కొట్టు, దాని మీది మేడ వెళ్లాయి. చూసినవాళ్లంతా పెద్దాయనకే అన్యాయం జరిగిందన్నారు. అతను లోలోపల నవ్వుకున్నాడు. కొట్టు కదలదు, గిరాకీ వచ్చేదాకా వాకిలి వైపు చూస్తూ కూర్చోవాలి. బండి అలా కాదు, గిరాకీ ఎక్కడుంటే అక్కడికి తనే వెళ్తుంది. పైగా ఆ కొండ మీదికి ఇంకెవరి బండీ ఎక్కదు. పోటీ లేని వ్యాపారం కన్నా ఏం కావాలి? అతని లెక్క అది. లెక్కలోకి రానిదల్లా ఒకటే. కొట్లో గిరాకీ లేకపోయినా ఇంట్లోంచి ఒక మనిషి మాట వినిపిస్తుంది.

అతనికి పెళ్లి కాలేదు. వ్యాపారం నిలదొక్కుకున్నాక చూద్దామంటూ వాయిదా వేశాడు. నిలదొక్కుకునేసరికి ఆ సంగతి అడిగేవాళ్లు లేకుండా పోయారు.

అన్నదమ్ములు తిట్టుకుని విడిపోలేదు. తిట్టుకుని ఉంటే కొన్నాళ్లకు ఎవరో ఒకరు తగ్గి, సర్దుకోవడానికి దారి ఉండేది. కొండ వ్యాపారం పెంచుదామని అన్న, మానేద్దామని తమ్ముడు, అంతే తేడా. మాటా మాటా పెరక్కుండానే అన్నీ సమానంగా పంచుకున్నారు. వేలెత్తి చూపడానికి ఎక్కడా ఏమీ మిగల్లేదు. అందుకే ఒకరి గడప ఒకరు తొక్కడానికి కారణం కూడా మిగల్లేదు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత బండికి చప్పుడు పట్టుకుంది.

మామూలు రోడ్డు మీద ఏమీ ఉండదు. కొండ మొదట్లో మట్టి దారి రాగానే అతను ఫోర్ వీల్ లివర్ వేస్తాడు, అప్పుడూ ఏమీ ఉండదు. మట్టి దాటి పైకి వెళ్తే, సగం దారిలో, గచ్చు చేసినట్టు చదునుగా ఉండే రాతి పలక ఒకటి వస్తుంది. అక్కడ మొదలవుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బిగుసుకుంటుంది, ఉన్నట్టుండి కింద నుంచి టక్కుమని సుత్తితో కొట్టినట్టు దెబ్బ. పైకి చేరాక లివర్ తీద్దామంటే రాదు. బండిని కాస్త వెనక్కి నడిపితే ఠపీమని ఊడివస్తుంది.

క్వారీ మేనేజరు ఓ రోజు సరుకు దింపించుకుంటూ మర్యాదగానే చెప్పాడు.

"షావుకారు గారూ, మీ చప్పుడు ముందొస్తోంది, మీరు తరవాతొస్తున్నారు."

"చిన్న రిపేరండీ. చేయించేస్తాను."

"వానలు పడేలోపు చేయించండి. ఆ మట్టి వంపులో బండి ఆగిందంటే నా కూలీలు పని మానుకుని తోయాలి. ఒక్కసారి అలా జరిగిందంటే మేమే ఒక ట్రాక్టర్ కొనుక్కుంటాం. మరోలా అనుకోకండి."

మరోలా అనుకోవడానికేం లేదు. ఆ స్థానంలో తనున్నా అదే మాట అనేవాడు. క్వారీ పోతే కొండ దారి పోయినట్టే, దారి పోతే ఈ బండి ఎందుకూ కొరగాదు. అప్పుడిక మిగిలేది ఆ ఒంటి గదే.

షెడ్డు నడిపే మెకానిక్‌ను అందరూ డాక్టరంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించి వింటాడు కాబట్టి ఆ పేరు. బండిని జాకీ మీద లేపి ఒక్కో చక్రం చేత్తో తిప్పి చూశాడు, షాఫ్టు పట్టుకుని ఊపి చూశాడు. షెడ్డు ముందు కంకర మీద గుండ్రంగా తోలి చూశాడు. బండి పిల్లిలా ఉంది.

"చూడు షావుకారూ," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "యాక్సిలరేటర్ తొక్కితే కూసిందా, వెనక పళ్ల చక్రం. గుయ్యిమంటూ మోగుతూ స్టీరింగ్ తిప్పినప్పుడు స్వరం మార్చిందా, బేరింగు. కదిలేటప్పుడు ఒక్కసారి టక్కుమందా, షాఫ్టు జాయింటు. నీ చప్పుడు వీటిలో ఏ గదిలోనూ ఇమడట్లేదు."

"టక్కుమనే అంటోంది. జాయింటు మార్చెయ్."

"జాయింటు నిక్షేపంలా ఉంది."

"అయినా మార్చు."

మార్చాడు. మర్నాడు రాతి పలక మీద మళ్లీ టక్కుమంది. డాక్టరుకు ఆ మాట చెప్తే తల కూడా ఎత్తలేదు.

"చప్పుడు పట్టాలంటే ఇద్దరుండాలయ్యా. ఒకడు తోలాలి, ఒకడు పక్కన నడుస్తూ వినాలి. తోలేవాడికి ప్రతి చప్పుడూ తన కాళ్ల కిందే ఉన్నట్టుంటుంది. ఎవర్నైనా వెంట తీసుకెళ్లు."

"నువ్వు రాకూడదా?"

"నా మోకాళ్లు చూశావా? కొండెక్కి దిగితే నన్ను జాకీ పెట్టి లేపాలి. ఇంట్లో ఎవరూ లేరా?"

"గోడౌన్‌లో పిల్లి ఉంది."

"దాని చెవులు నాకంటే నయమే. అడిగి చూడు."

దారి పొడుగునా మనుషుల్ని తలుచుకుంటూ వచ్చాడు. టీ కొట్టాయన పొయ్యి వదిలి రాలేడు. గోడౌన్ వాచ్‌మన్ పగలంతా పడుకుంటాడు. కూలికి పిలిస్తే ఎవరో ఒకరు వస్తారు, కాని సాయంత్రానికి బజారంతా చెప్తారు. 'అన్న వాటా బండి మూలుగుతోందట' అనే మాట తమ్ముడి చెవిన పడుతుంది. అది అతనికి మింగుడుపడలేదు. ఇంత ఊళ్లో సరుకు అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఊరికే పక్కన నడిచి ఒక చప్పుడు విని పెట్టమని అడగదగ్గ మనిషి మాత్రం తేలలేదు.

చివరికి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, గేర్ రాడ్ పక్కన గుడ్డతో కట్టేసి కొండెక్కాడు. తిరిగి వచ్చి గదిలో మంచం మీద కూర్చుని కాసేపు విన్నాడు. ఇంజన్ హోరు తప్ప ఏమీ చెవికెక్కలేదు. విసుగొచ్చి ఆపేసి, మర్నాడు ఫోన్ తీసుకెళ్లి డాక్టరు చేతిలో పెట్టాడు.

డాక్టరు షెడ్డులో మిషన్లన్నీ ఆపించి, ఫోన్‌ను ఖాళీ డ్రమ్ము మీద పెట్టాడు. చాలాసేపు హోరు. మధ్యలో ఒక గొంతు వచ్చింది.

'అదిగో, మట్టి మలుపు. లివర్ వేశాన్రా. చూడు, ఏమీ లేదు, మెత్తగా పోతోంది.'

డాక్టరు అతని మొహంలోకి చూశాడు. "పక్కన ఎవరూ లేరన్నావు?"

"లేరు."

"మరి ఎవరితో?"

ఫోన్‌లో అతని గొంతే తన దారిన తను చెప్పుకుపోతోంది.

'ఇప్పుడు పలక మీదికొచ్చాం. తిన్నగానే పోతున్నాన్రా, స్టీరింగ్ తిప్పలేదు. నువ్వైతే, నువ్వే ఏదో పాడుచేశావు అన్నయ్యా అంటావు. నేనేం చెయ్యలేదు. తిన్నగానే... అదిగో! విన్నావా? మళ్లీ అదిగో!'

అతను ఫోన్ ఆపబోయాడు. డాక్టరు గ్రీజు చెయ్యి దాని మీద పడింది.

"ఉండు. మీ తమ్ముడితో నువ్వు చెప్పినంత వివరంగా నాతో ఒక్కనాడూ చెప్పలేదు. మలుపులో కాదా కొడుతోంది?"

"కాదు. తిన్నగా పోయేటప్పుడే."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ! లివర్ వేస్తే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే తాడుకు కట్టేసినట్టు తిరుగుతాయి. గట్టి నేల మీద మలుపు తిరిగితే ముందువి ఎక్కువ దూరం పోవాలి, తాడు బిగుస్తుంది. అది ప్రతి బండికీ ఉండేదే. తిన్నని దారిలో బిగుసుకోవడమేంటి? ముందు చక్రం కొలత, వెనక చక్రం కొలత వేరైతే తప్ప!"

సన్నని తాడొకటి తెచ్చి ముందు టైరు చుట్టూ తిప్పి సుద్దతో గుర్తు పెట్టాడు. అదే తాడు వెనక టైరుకు చుట్టాడు. గుర్తు దాకా రాకముందే చుట్టు పూర్తయి, రెండు వేళ్ల మందాన తాడు మిగిలింది.

"మట్టిలో టైర్లు కాస్త జారి సర్దుకుంటాయి. రాతి మీద జారవు. లోపల బిగిసి బిగిసి, పట్టు తప్పినప్పుడు టక్కుమంటుంది. ముందువి కొత్తవి, వెనకవి అరిగినవి. నాలుగూ ఒకేసారి ఎందుకు వెయ్యలేదు?"

"నాలుగూ కొన్నాం. పంపకాల్లో చెరి రెండు వచ్చాయి. నా రెండూ ఈమధ్యే ముందు వేశాను."

డాక్టరు డ్రమ్ము మీద చతికిలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "బండి లేనివాడికి టైర్లెందుకయ్యా? ఏ పెద్దమనిషి చెప్పాడు ఈ తీర్పు?"

"నేనే చెప్పాను," అన్నాడు అతను. "సమానంగా ఉండాలని."

ఆ రోజున ఆ మాట అన్నందుకు తన న్యాయబుద్ధికి తనే మురిసిపోయిన సంగతి చెప్పలేదు.

"ఇలాగే తోలితే?"

"ముందు వెనక చక్రాల్ని కలిపే లోపలి గొలుసు తెగుతుంది. కొండ మీద తెగిందంటే బండి అక్కడుంటుంది, నువ్వు నడిచి దిగుతావు."

టైర్ల కొట్లో ఆ రకం లేదు, వచ్చే నెల లోడులో వస్తుందన్నారు. బయట ఆకాశం చూస్తే వారం కూడా ఆగేటట్టు లేదు. ఆ రకం టైర్లు ఊళ్లో ఇంకెక్కడున్నాయో తెలిసింది తనొక్కడికే.

తమ్ముడి కొట్టు ముందు ఆ రెండు టైర్లూ రిమ్ములతో సహా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైన చెక్క వేసి గిరాకీ కూర్చోడానికి పీటలా చేశారు. తమ్ముడు తక్కెట్లో మేకులు తూస్తున్నాడు.

"ఏం కావాలండీ?" అంటూనే తలెత్తి, "అన్నయ్యా," అన్నాడు. ఆ రెండో మాట కాస్త ఆలస్యంగా వచ్చింది.

లోపల్నుంచి మరదలు తొంగి చూసింది. "బావగారా! నిలబడ్డారేం, కూర్చోండి. టీ పెడతాను."

కూర్చోడానికి అక్కడ ఇంకేమీ లేదు. తను అడగడానికి వచ్చిన టైర్ల మీదే కూర్చున్నాడు.

"బండి చప్పుడు చేస్తోందట," అన్నాడు తమ్ముడు.

"ఎవరు చెప్పారు?"

"కొండ కింద ఇల్లున్న ప్రతివాడూ చెప్పాడు. మలుపులోనా, తిన్నగానా?"

"తిన్నగా."

"అయితే టైర్లే." మేకులు పొట్లంలో పోస్తూ అన్నాడు, చెయ్యి ఆగనైనా లేదు.

షెడ్డుకు తిరిగిన రోజులు, మార్చిన జాయింటు, తాడుతో కొలతలు అన్నీ అతనికి కళ్ల ముందు తిరిగాయి.

మరదలు టీ తెచ్చి అందించింది. "నేనప్పుడే మొత్తుకున్నాను బావగారూ. చీరను చెరి సగం చించి ఇద్దరికిస్తే ఎవరు కట్టుకుంటారని. మీ ఇద్దరికీ న్యాయం మీద ఉన్న ధ్యాస నా మాట మీద ఉంటేనా!"

"నువ్వూరుకో," అన్నాడు తమ్ముడు.

"ఊరుకునే ఉన్నాను, ఇన్నాళ్లూ," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

"ఏమివ్వమంటావు వీటికి?" అడిగాడు అన్న.

"నీ వెనకవి రెండూ ఇక్కడ పడెయ్. గిరాకీ కూర్చోడానికి ఏవైనా ఒకటే."

"అరిగినవిరా అవి. సమానం కాదు."

"సమానం ఒకసారి చేశాంగా. చాల్లే."

ఇద్దరూ కలిసి వీధిలోనే బండిని లేపారు. ఎవరేం చెయ్యాలో అనుకోలేదు. అన్న చక్రం కింద రాయి పెట్టేసరికి తమ్ముడి చేతిలో పానా ఉంది. తమ్ముడు నట్లు ఊడదీస్తుంటే అన్న దోసిట్లో పట్టాడు. బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు వరసగా బిగించాలని ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేకపోయింది. పని తొందరగా అయిపోయింది, అతను అనుకున్న దానికంటే తొందరగా.

తమ్ముడు చేతులు తుడుచుకుంటూ బండి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఒక్కడివే వెళ్తున్నావా పైకి?"

"ఒక్కణ్ణే."

"ఊఁ."

కొట్లోంచి ఎవరో గిరాకీ పిలిచారు. తమ్ముడు వెళ్లిపోయాడు.

మూడో నాడు వాన పట్టుకుంది. అతను సరుకు మీద టార్పాలిన్ కప్పి కొండెక్కాడు. మట్టి మలుపులో బండి నాలుగు కాళ్లతో పాకినట్టు పాకింది. రాతి పలక మీద స్టీరింగ్ రెండు వేళ్లతో తిరిగింది. అక్కడికి రాగానే అలవాటు కొద్దీ అతని నోరు తెరుచుకుంది. చెప్పడానికేమీ లేదు. తిన్నగా పోతోంది, అంతే. అద్దం మీద వాన, వైపర్ల చప్పుడు. నోరు మూసుకుని తోలాడు.

మేనేజరు గొడుగేసుకుని ఎదురొచ్చాడు. "బండి వచ్చినట్టే తెలియలేదు షావుకారు గారూ. ఇంక ట్రాక్టర్ మాట ఎత్తను."

ఆ సాయంత్రం తడి బట్టలు మార్చుకుని, గదిలో మంచం మీద కూర్చుని లెక్క చూసుకున్నాడు. పోయినవి: బాగున్న జాయింటు ఒకటి, అరిగిన టైర్లు రెండు, దారి పొడుగునా తమ్ముడికి చెప్పుకోవడానికి ఉన్న ఒక్క సంగతి. మిగిలినవి: ఒకే కొలత టైర్లు నాలుగు, కొండ దారి, వానాకాలం వ్యాపారం. ఇవి కాక ఇంకొకటి ఉంది, 'ఒక్కడివే వెళ్తున్నావా' అని తమ్ముడు అడిగిన మాట. దాన్ని ఏ వైపు వెయ్యాలో కాసేపు తేల్చుకోలేకపోయాడు. అడగకుండా వచ్చింది, ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు. లాభంలో వేసుకున్నాడు.